రెండు రెక్కల తలుపుల లింకన్

గత ఆదివారం మధ్యాహ్నం మా వీధి చివరి ఇంట్లో ఉన్న 1962 లింకన్ కాంటినెంటల్ సెడాన్‌ను చలికాలానికి గ్యారేజీలో పెట్టి తలుపు దించేశాం. మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లడం ఒకసారి మొదలైందంటే, ఆ ఉప్పంతా వసంతకాలపు వానలకు కొట్టుకుపోయేదాకా ఆ కారు గడప దాటదు. దాని యజమాని ఎనభై రెండేళ్ళ పెద్దావిడ. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవారు. పళ్ళ డాక్టరైన ఆవిడ తండ్రి ఈ కారును 1962 వసంతంలో కొత్తగా కొన్నారు. ఆయన పోయాక అది ఆవిడకు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో బానెట్ ముందు ఎక్కువసేపు నిలబడలేని స్థితి వచ్చినప్పటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, దాని బాగోగులు చూడడంలో నేను ఆవిడకు తోడుగా ఉంటున్నాను.

కారు ఇప్పటికి అరవై ఒక్క వేల మైళ్ళు తిరిగింది. దాని మీద ఉన్న ముదురు నీలం రంగు ఫ్యాక్టరీలో వేసినదే. సీట్ల మీద బూడిద రంగు బట్ట, అద్దాలు, స్టీరింగ్ చక్రం, డిక్కీలో పరిచిన చాప, డిక్కీ మూత లోపల జాకీ వాడే పద్ధతి చెప్పే కాగితం, అన్నీ అప్పటివే. ఇంజన్‌ను ఇంతవరకు ఎవరూ కిందికి దించలేదు. టైర్లు, బ్యాటరీ, బెల్టులు, సైలెన్సర్ గొట్టాలు, బ్రేకుల్లోని రబ్బరు సామాను మాత్రం అరిగినప్పుడల్లా మార్చారు. ఏది ఎప్పుడు మార్చారో, అప్పటికి కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో డాక్టరుగారు డాష్‌బోర్డు అరలో పెట్టుకున్న చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ అలవాటును ఆయన కూతురు కొనసాగించారు.

నేను విజయవాడలో పెరిగాను. ఆటోనగర్‌లో మా పెదనాన్నగారికి బాడీ పని చేసే షెడ్డు ఉండేది. సొట్టలు పడిన రేకును సుత్తితో సరిచేసి, పుట్టీ పెట్టి, నీళ్ళ కాగితంతో రుద్ది, రంగు కొట్టి, వచ్చిన బండిని పెళ్ళికూతురిలా తయారుచేసి పంపడమే అక్కడి విద్య. ఆ విద్య మీద నాకు ఇప్పటికీ అపారమైన గౌరవం ఉంది. అందుకే ఈ లింకన్‌ను మొదటిసారి చూసినప్పుడు, ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద అరచెయ్యంత మేర రంగు పలచబడి అడుగు పూత కనిపించడం చూసి, దీన్ని మళ్ళీ రంగు వేయించరాదా అని అడిగాను. ఆవిడ నన్ను ఆ మడ్‌గార్డు పక్కకు తీసుకువెళ్ళి, వాళ్ళ నాన్నగారు ప్రతి ఆదివారం కారు తుడవడం అక్కడి నుంచే మొదలుపెట్టేవారని, మైనం డబ్బా తెరిచి గుడ్డతో మొదటి చుట్టు అక్కడే తిప్పేవారని, ముప్పై ఏళ్ళ ఆదివారాలు కలిస్తే ఆ చోటు అంతగా అరిగిందని చెప్పారు. ఆ రోజు నేను ఇంకేమీ మాట్లాడలేదు కాని, నిజం చెప్పాలంటే నా మనసు పూర్తిగా మారలేదు. జ్ఞాపకం విలువైనదే, అయినా రేకు రేకే కదా అనుకున్నాను.

నా అభిప్రాయం మారింది మూడో ఏడు. వెనక కుడి తలుపు అద్దం మోటారు మొరాయిస్తే, దాన్ని చూడడానికి తలుపు లోపలి అట్టను చాలా జాగ్రత్తగా విప్పాం. లోపలి రేకు మీద మైనపు పెన్సిల్‌తో పెట్టిన గుర్తులు కనిపించాయి: ఒక పొట్టి సంఖ్య, దాని చుట్టూ వలయం, పక్కన వేరే చేతితో గీసిన టిక్కు. తలుపు కుదిరిందో లేదో చూసిన మనిషి 1962లో పెట్టిన గుర్తులవి. అరవై ఏళ్ళు చీకట్లో ఉండడం వల్ల నిన్ననే గీసినట్టు ఉన్నాయి. మామూలుగా కారును పూర్తిగా పునరుద్ధరించేటప్పుడు తలుపులు విప్పి, రేకును ఇనుము తేలేదాకా గీకి, మళ్ళీ రంగు వేస్తారు. ఆ పని జరిగిన కార్లలో ఇలాంటి గుర్తు ఒక్కటీ మిగలదు. ఆ తర్వాత ఎవరో వాటిని పాత ఫొటోలు చూసి తిరిగి గీసినా, అది చూసి గీసిన గీత అవుతుందే తప్ప, తనిఖీ చేసిన మనిషి గీత కాదు.

ఈ గుర్తులు ఈ కారులో ఇంత విరివిగా ఉండడానికి ఒక కారణం ఉంది. అది తెలియాలంటే లింకన్ పేరు దాదాపు చెరిగిపోబోయిన రోజుల దగ్గరికి వెళ్ళాలి. లింకన్ కంపెనీని 1917లో స్థాపించిన హెన్రీ లీలాండ్ అంతకుముందు క్యాడిలాక్ కార్ల కంపెనీని నిలబెట్టినవాడు. తాను మొదటిసారి ఓటు వేసిన అధ్యక్షుడి పేరునే కంపెనీకి పెట్టుకున్నాడు. 1922లో ఆ కంపెనీ ఫోర్డ్ చేతికి వచ్చింది. 1958లో ఫోర్డ్ విడుదల చేసిన లింకన్లు దాదాపు 19 అడుగుల పొడవుతో, వంకర్లు తిరిగిన రేకులతో, ఏటవాలుగా పెట్టిన జంట దీపాలతో వచ్చాయి. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో ఆర్థిక మాంద్యం. మూడేళ్ళపాటు ఆ కార్లు కంపెనీకి నష్టాలే మిగిల్చాయి. అప్పట్లో ఫోర్డ్‌లో కార్ల విభాగాన్ని చూస్తున్న రాబర్ట్ మెక్‌నమారా లెక్కలు తప్ప వేరే మాట వినని మనిషి. లింకన్‌ను మూసేయడమే మంచిదన్న ఆలోచన ఆయనకు ఉండేది.

అదే సమయంలో, ఫోర్డ్ ముఖ్య కార్యాలయం ఉన్న డియర్‌బోర్న్‌లోని డిజైన్ భవనం నేలమాళిగలో, ఎల్‌వుడ్ ఎంగెల్ అనే డిజైనరు ఒక చిన్న స్టూడియోలో రెండు తలుపుల కారు నమూనాను మట్టితో తయారుచేయిస్తున్నాడు. అది ఫోర్డ్‌వారి రాబోయే థండర్‌బర్డ్ కారు కోసం పోటీకి పెట్టిన నమూనా. థండర్‌బర్డ్‌కు వేరే నమూనా ఎంపికైంది. కాని ఎంగెల్ నమూనాను చూసిన మెక్‌నమారా, దీన్ని నాలుగు తలుపుల కారుగా సాగదీయగలరా అని అడిగాడు. అది సాధ్యమని తేలాక లింకన్‌కు ప్రాణం నిలిచింది. 1961 కాంటినెంటల్‌గా వచ్చిన ఆ కారు, అంతకుముందు ఏడాది లింకన్ కంటే ఒక అడుగుకు పైగా పొట్టిది. ఆడంబరమంటే పొడవే అనుకునే దేశంలో, ఆ కాలంలో, ఖరీదైన కారును కుదించి అమ్మాలనుకోవడం ఎంత సాహసమో ఈనాడు ఊహించడం కష్టం.

మెక్‌నమారా ఒప్పుకున్నాడంటే షరతులు లేకుండా ఒప్పుకోలేదు. రకాల సంఖ్య తగ్గించాలి, ఏటా రూపం మార్చే ఆనవాయితీ మానాలి, నాణ్యత విషయంలో వేలెత్తి చూపడానికి వీలు ఉండకూడదు. ఆయన 1960 చివర్లో ఫోర్డ్ అధ్యక్షుడై, కొద్ది వారాలకే కెనెడీ ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా వెళ్ళిపోయాడు. అయినా ఆ షరతులు ఫ్యాక్టరీలో నిలిచాయి. ప్రతి ఇంజన్‌నూ కారులో బిగించకముందే మూడు గంటలపాటు దాదాపు పూర్తి వేగంతో నడిపి, ఆపై విప్పి లోపలి భాగాలు చూసి, తిరిగి కూర్చేవారు. ద్రవాలలో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత దీపం కింద ఎక్కడైనా కారుతున్నదేమో వెతికేవారు. తయారైన ప్రతి కారునూ ఒక మనిషి 12 మైళ్ళు రోడ్డు మీద నడిపి, దాదాపు 200 అంశాలు ఒక్కొక్కటిగా పరీక్షించేవాడు. ఇంత చేశాక కంపెనీ రెండేళ్ళకు లేదా 24 వేల మైళ్ళకు పూచీ ఇచ్చింది. అప్పటికి అమెరికాలో ఏ కారు కంపెనీ అంత కాలానికి పూచీ ఇచ్చి ఎరగదు. తలుపు లోపల మేము చూసిన మైనపు గుర్తులను నేను ఈ పరీక్షలతో కలిపి చదువుకుంటాను. కంపెనీ ప్రకటనలలో చెప్పిన శ్రద్ధ నిజంగా మనుషుల చేతుల దాకా వచ్చిందనడానికి నా కళ్ళతో చూసిన దాఖలా అదే.

ఈ కార్లు తయారైన విక్సమ్ ఫ్యాక్టరీ మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, 96వ నంబరు హైవే పక్కన ఉండేది. 1957లో మొదలై 2007లో మూతపడింది. ఇప్పుడు ఆ భవనాలు లేవు. మా ప్రాంతంలోని తెలుగు కుటుంబాలలో కార్ల కంపెనీలలోనో, వాటికి విడిభాగాలు సరఫరా చేసే సంస్థలలోనో పనిచేసేవారు చాలామంది ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. నాణ్యత తనిఖీ నా రోజువారీ పని. రోజూ ఆ హైవే మీద వెళుతూ, ఫ్యాక్టరీ ఉన్న చోటు వచ్చినప్పుడు ఆ పొట్టి సంఖ్య నాకు గుర్తుకు వస్తుంది. ఫ్యాక్టరీ పోయింది. ఆ తనిఖీదారు ఉన్నాడో లేడో. అతను సరిగా కుదిరిందని ఒప్పుకున్న తలుపు మాత్రం ఇప్పటికీ రెండు వేళ్ళతో తోస్తే పడుతుంది.

ఆ తలుపుల గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే ఈ కారును చూసినవారెవరైనా మొదట అడిగేది వాటి గురించే. ముందు తలుపులు మామూలుగానే తెరుచుకుంటాయి. వెనక తలుపులకు మడతబందులు వెనకవైపు ఉండడం వల్ల అవి ఎదురు దిశలో తెరుచుకుంటాయి. రెండు పిడులూ కారు నడుమ పక్కపక్కనే ఉంటాయి. మన పాత మండువా ఇళ్ళ వీధి తలుపు రెండు రెక్కలుగా తెరుచుకున్నట్టే ఉంటుంది. చాలామంది దీన్ని దర్జా కోసం చేసిన ఏర్పాటు అనుకుంటారు. కాని రెండు తలుపుల నమూనాను నాలుగు తలుపులకు సాగదీసినా, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 123 అంగుళాలే వచ్చింది. నమూనా కారులో కూర్చుని దిగి చూసిన ఇంజనీర్లకు మామూలు తలుపు అయితే దిగేటప్పుడు కాలు దానికి తగులుతున్నదని తేలింది. మడతబందులు వెనక్కి మారిస్తే ఆ ఇబ్బంది తీరింది. ఇరుకు చోటుకు కనిపెట్టిన ఉపాయమే చివరికి ఈ కారుకు గుర్తింపు తెచ్చింది. నడకలో వెనక తలుపు గొళ్ళెం ఊడితే గాలి దాన్ని బార్లా తెరిచేస్తుంది కాబట్టి, ఏ తలుపైనా సరిగా పడకపోతే డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక దీపం పెట్టారు. తలుపుల లాకులు కరెంటుతో పనిచేయవు. ఇంజన్ పీల్చే గాలి వల్ల పుట్టే వాక్యూమ్‌ను సన్నని గొట్టాల ద్వారా ప్రతి తలుపుకూ పంపి, దానితో లాకు పడేలా చేశారు.

రూపం విషయంలో నేను పక్షపాతినేమో, అయినా దాచను. 1950ల చివరి అమెరికన్ కార్ల రెక్కలు, రాకెట్ తోకలు, రేకుల మీద వరసకట్టిన క్రోమ్ పట్టీలు చూశాక ఈ కారు పక్కన నిలబడితే మనసు శాంతిస్తుంది. పక్క రేకు మీద ఒక్క మడత, ఒక్క అలంకారం లేదు. ముందు మడ్‌గార్డు అంచున మొదలైన సన్నని మెరిసే పట్టీ తలుపుల పైగా వెనక దీపం దాకా ఒకే గీతగా సాగుతుంది. పక్క అద్దాలు కూడా నిటారుగా ఉండవు, రేకు నుంచి పైకప్పుకు కొద్దిగా లోపలికి వంగుతాయి. 1964లో కారును పొడిగించినప్పుడు చదునైన అద్దాలు పెట్టారు. అక్కడ ఆ సొగసు కొంత పోయిందని నా అభిప్రాయం. కారు రూపానికి 1961లోనే అమెరికాలోని పారిశ్రామిక డిజైనర్ల సంస్థ కాంస్య పతకం ఇచ్చింది. అది ఎంగెల్ ఒక్కడికే కాక మొత్తం ఏడుగురు డిజైనర్ల పేరు మీద ఇచ్చిన పతకం.

కాని ఈ రూపం కాపాడేవాడికి పెట్టే పరీక్ష కూడా అక్కడే ఉంది. మడతలు లేని రేకు మీద చిన్న సొట్ట పడినా నిలువుటద్దంలో గీత పడ్డట్టు కనిపిస్తుంది. పుట్టీ పెట్టి సరిచేసిన చోటు ఎండలో పక్కనుంచి చూస్తే అలలా వంపు తిరిగి తెలిసిపోతుంది. ఆటోనగర్‌లో మా పెదనాన్నగారు ఏ బండి వచ్చినా ముందు దాని పక్కన వంగి, రేకు మీద పడే ట్యూబ్‌లైటు నీడ తిన్నగా ఉందో లేదో చూసేవారు. నేను ఈ లింకన్ పక్కన అలాగే వంగి చూశాను. నీడ ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా వణకకుండా వెళ్ళింది.

బానెట్ ఎత్తితే 430 ఘనపుటంగుళాల వీ-8 ఇంజన్ కనిపిస్తుంది. మన లెక్కలో ఏడు లీటర్లు. 300 హార్స్‌పవర్. సాధారణంగా ఇంజన్లలో పెట్రోలు మండే గది, ఇంజన్ పై భాగమైన హెడ్‌లో తొలిచి ఉంటుంది. ఈ ఇంజన్‌లో హెడ్ అడుగు చదును, మండే చోటు బ్లాకులోనే, సిలిండర్ పై అంచును ఏటవాలుగా కోసి ఏర్పరచారు. బండి బరువు రెండు టన్నులకు పైమాటే అయినా ఇంజన్ ఎప్పుడూ కష్టపడుతున్నట్టు అనిపించదు. గ్యాలను పెట్రోలుకు పది మైళ్ళు వస్తే ఆ రోజు మాకు సంతోషం.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన యంత్రం వైపర్. ఈ కారులో వైపర్లను తిప్పేది కరెంటు మోటారు కాదు. పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చే నూనె ఒత్తిడితో అవి కదులుతాయి. అందుకే శబ్దం ఉండదు, వేగాన్ని మీట తిప్పినంత మెత్తగా ఎంత కావాలంటే అంతకు పెంచుకోవచ్చు. రెండేళ్ళ కిందట వానలో వస్తుండగా వైపర్ల వేగం తగ్గింది. మర్నాడు చూస్తే వైపర్ యంత్రం దగ్గర రబ్బరు గొట్టం చెమర్చి, నూనె బొట్లుగా కారుతోంది. చాలామంది ఇలాంటప్పుడు ఆ ఏర్పాటునంతా తీసేసి కరెంటు వైపర్ పెట్టించుకుంటారు. అది తప్పని నేను అనను, వానలో ప్రాణం ముఖ్యం. కాని మేము పాత గొట్టం కొలతలకు కొత్త గొట్టం చేయించి, పాత బిగింపులతోనే బిగించాం. తీసిన గొట్టానికి తేదీ రాసిన చీటీ కట్టి డబ్బాలో దాచాం. ఆ డబ్బాలో 1962 నాటి ఫ్యాను బెల్టు కూడా ఉంది. మార్చక తప్పని వస్తువును మార్చాలి, మార్చిన పనిని రేపు ఎవరైనా వెనక్కి తిప్పగలిగేలా చేయాలి, తీసిన దాన్ని పారేయకూడదు. మేమిద్దరం పెట్టుకున్న నియమాలు ఇవే.

అయితే బ్రేకుల దగ్గర ఏ మొహమాటమూ పెట్టుకోలేదు. ఈ కారులో బ్రేకు నూనెకు ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే దారి. ఏదైనా ఒక చక్రం దగ్గర గొట్టం తెగితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు దారులు పెట్టడం అమెరికన్ కార్లన్నిటిలో ఆ తర్వాత అయిదారేళ్ళకు గాని స్థిరపడలేదు. అందుకని రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగున్నా సరే, కొన్నేళ్ళకొకసారి మార్చేస్తాం. సీటు బెల్టులు ఆ రోజుల్లో అడిగినవారికే వేసేవారు. డాక్టరుగారు అడగలేదు. మేము కొత్తగా రేకుకు బెజ్జాలు వేయకుండా, ఉన్న బోల్టుల చోట్లలోనే నడుము బెల్టులు పెట్టించాం. పునరుద్ధరించిన కారు, భద్రపరచిన కారు అని వేరుగా చూసే పద్ధతి అమెరికాలో పాత కార్ల సంఘాలకు కూడా ఉంది. 1935లో మొదలైన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లక్షణాలు నిలుపుకున్న కార్లకు విడిగా ఒక తరగతి ఏర్పాటు చేసి గుర్తింపు ఇస్తుంది. అక్కడ న్యాయనిర్ణేతలు మెరుపు కోసం చూడరు. రంగు, బట్ట, ఇంజన్ గది, కింది భాగం, వీటిలో ఎంత అసలుది మిగిలిందో చూస్తారు.

సెడాన్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1962లో కాంటినెంటల్ సెడాన్లు దాదాపు 28 వేలు, పైకప్పు మడిచే కన్వర్టిబుల్లు మూడు వేల పైచిలుకు తయారయ్యాయి. ఈనాడు ఫొటోలలో, పెళ్ళి ఊరేగింపులలో, వేలం పాటలలో కనిపించేది మాత్రం ఎక్కువగా కన్వర్టిబుల్లే. అధ్యక్షుడు కెనెడీ 1963 నవంబరు 22న డాలస్‌లో హత్యకు గురైనప్పుడు ప్రయాణిస్తున్నది కూడా 1961 కాంటినెంటల్ కన్వర్టిబుల్‌ను పొడిగించి తయారుచేసిన కారే. ఆ తర్వాత దాన్ని కవచంతో మళ్ళీ నిర్మించి 1977 దాకా అధ్యక్షులకు వాడారు. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క కారు నీడ మిగిలిన కాంటినెంటళ్ళన్నిటి మీదా పడింది. సెడాన్‌కు ధర తక్కువ పలుకుతుంది కాబట్టి, ఎన్నో మంచి సెడాన్లను దీపాల కోసం, బంపర్ల కోసం, ఇంజన్ కోసం విప్పి, ఆ సామాను కన్వర్టిబుల్లకు తగిలించారు. నా దృష్టిలో ఎంగెల్ గీసిన గీత పూర్తయ్యేది సెడాన్‌లోనే. ఆ చిన్న పైకప్పు లేకపోతే కింది పొడవాటి రేకుకు తూకం ఉండదు.

మా రాష్ట్రంలోనే హికరీ కార్నర్స్‌లోని గిల్‌మోర్ కార్ మ్యూజియం ఆవరణలో 2014లో తెరిచిన లింకన్ మ్యూజియానికి పోయిన వేసవిలో ఆవిడను తీసుకువెళ్ళాను. అక్కడి కార్లన్నీ చూసి, బయటికి వచ్చి మా కారు ఎక్కాక, అక్కడి కార్లలో తనకు కొరతగా అనిపించింది వాసన అని ఆవిడ అన్నారు. ఆవిడ మాట నిజం. ఈ లింకన్ తలుపు తీస్తే పాత ఉన్ని బట్ట, ఎండిన రబ్బరు, పైపు పొగాకు కలిసిన ఒక వాసన వస్తుంది. డాక్టరుగారు పైపు తాగేవారు. వెనక సీటు చేతి ఆనుడు మీద గింజంత కాలిన మచ్చ కూడా ఉంది. సీట్ల బట్ట మార్చితే అది పోతుంది. మళ్ళీ తీసుకురావడానికి దారి లేదు.

ఆ మధ్య ఒక రంగుల షెడ్డువారు కారును చూసి, మొత్తం గీకి కొత్త రంగు వేస్తే ఎంతవుతుందో లెక్క రాసి ఇచ్చారు. మంచి పనివాళ్ళే, వాళ్ళు చేసిన కార్లు చూశాను, పని శుద్ధంగా ఉంది. ఆవిడ కాగితం నా చేతికిచ్చి నా మాట అడిగారు. ఆరేళ్ళ కిందట అయితే వెంటనే సరే అనేవాణ్ణి. రేకు ఎక్కడా తుప్పు పట్టలేదు కాబట్టి రంగు తన పని తాను చేస్తూనే ఉందని, తుప్పు మొదలైన రోజున ఆ ఒక్క చోటు మటుకు సరిచేద్దామని చెప్పాను. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి నోటుపుస్తకంలో పెట్టుకున్నారు. అది కూడా కారు చరిత్రలో భాగమేనట.

భద్రపరచడమంటే కదలకుండా ఉంచడం అనుకునేవారు ఉన్నారు. యంత్రానికి అంతకు మించిన హాని లేదు. నిలబెట్టిన కారులో ఆయిల్ సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చి సిలిండర్లలో తుప్పు పుట్టిస్తుంది, కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆరి జిగురవుతుంది, టైర్లు నేల తగిలిన చోట చదునుబారతాయి. అందుకని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకొకసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా ఇరవై ముప్పై మైళ్ళు తిప్పుతాం. బంకులలో దొరికే మామూలు పెట్రోలులో పదో వంతు ఎథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను లాగుతుంది. కాబట్టి సరస్సుల దగ్గర పడవలకు అమ్మే ఎథనాల్ లేని పెట్రోలు తెచ్చుకుంటాం. 1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టులో డెట్రాయిట్ ప్రాంతంలోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల సంబరం జరుగుతుంది. ఆ శనివారం రద్దీలో ఏడు లీటర్ల ఇంజన్ నిలబడి నిలబడి వేడెక్కడం నాకు ఇష్టం ఉండదు. తెల్లవారగానే వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి వచ్చేస్తాం.

గత ఆదివారం చేసిన పని ఇది. ఉదయం చివరిసారి ముప్పై మైళ్ళు తిప్పి, వేడి మీదనే ఇంజన్ ఆయిల్ మార్చాం. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు చలికాలమంతా బేరింగుల మీద కూర్చోకూడదు. ట్యాంకు గొంతుదాకా నింపి, పెట్రోలు చెడకుండా ఉండే మందు పోసి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు నడిపాం. రేడియేటర్ నీళ్ళు ఎంత చలికి గడ్డకడతాయో కొలిచి చూశాం. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టాం. బ్యాటరీ తీసి బల్ల మీద చార్జరుకు తగిలించాం. ఎలుకలు దూరి గూడు పెట్టకుండా సైలెన్సర్ గొట్టం చివరా, గాలి పీల్చే గొట్టం మూతిలోనూ జల్లెడ రేకు దోపి, మర్చిపోకుండా స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ కట్టాం. చివరగా ఆవిడ మైనం డబ్బా తెచ్చి, కారంతా నాకు వదిలేసి, ఎడమ ముందు మడ్‌గార్డు మీద ఆ పలచబడిన చోట మాత్రం ఒత్తకుండా, గుడ్డ ఆనీ ఆననట్టు తనే తుడిచారు.

మెత్తని నూలు కవరు కప్పాక నోటుపుస్తకం తీసి, చేతి వణుకు వల్ల రాయలేనని, ఈసారి నన్ను రాయమన్నారు. తేదీ, మైళ్ళు, ఆయిల్ మార్చిన సంగతి రాశాను. కింద వసంతంలో చేయవలసిన పని కూడా రాయమని చెప్పారు. వెనక ఎడమ తలుపు లాకు ఆలస్యంగా పడుతోంది. వాక్యూమ్ గొట్టం ఎక్కడో గాలి వదులుతున్నట్టుంది. ఏప్రిల్‌లో ఆ తలుపు అట్ట విప్పి చూడాలి. ఆ రేకు మీద ఏ గుర్తులు ఉన్నాయో మేమిద్దరం ఇంకా చూడలేదు.